హైదరాబాదు నగరంలో సినిమా (1919–1939)

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో, అనగా 1919 నుండి 1939 వరకు, నిజాం రాజ్యానికి రాజధాని అయిన హైదరాబాదు నగరంలో సినిమా మరియు ఇతర ప్రజావినోదాలు సాగిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు ప్రాంతాలలో చిత్రనిర్మాణానికి తొలినాళ్ళలోనే పూనుకున్న నగరాలలో హైదరాబాదు ఒకటి. 1922లో ఇక్కడ లోటస్ ఫిలిం కంపెనీ ఏర్పడింది. సుమారు రెండేళ్ళకే పాలకుని ఆజ్ఞతో అది అంతరించింది. ఆ తరువాత చాలాకాలం వరకు హైదరాబాదు సినిమాలు చూసే నగరంగానే మిగిలింది కాని, తీసే నగరం కాలేకపోయింది.

నేపథ్యం

ఈ కాలమంతా హైదరాబాదును ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (పాలన 1911–1948) పరిపాలించాడు. అయితే నగరమంతా ఒకే చట్టం క్రింద ఉండేది కాదు. బ్రిటిషు సైనిక స్థావరమైన సికింద్రాబాదు, కోఠీలోని రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు బ్రిటిషు వారి అధికార పరిధిలో ఉండేవి. రెసిడెన్సీ బజార్లు 1933లోను, సికింద్రాబాదు 1945లోను తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చాయి. ఈ కారణం చేత నిజాం ప్రాంతంలో వీలుకాని సభలు, సంస్థలు తరచుగా సుల్తాన్ బజారు ప్రాంతంలో తలదాచుకునేవి. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం రెసిడెన్సీ ప్రాంతంలో స్థాపించబడడం ఇందుకు ఒక ఉదాహరణ.

సినిమా విషయంలో ఈ సరిహద్దులకు మరింత ప్రాధాన్యం ఉన్నది. బ్రిటిషు ఇండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాలలో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. ఈ చట్టం సంస్థానాలకు వర్తించదు. ఉదాహరణకు, ఆనాడు నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో భాగమైన ఖమ్మంలో ఒక చట్టం, దానికి తూర్పున అడవులు దాటి గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలంలో మరొక చట్టం. భద్రాచలం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన గోదావరి ఏజెన్సీలో ఉండేది (1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, ప్రస్తుతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది). మద్రాసు బోర్డు అనుమతించిన చిత్రాన్ని భద్రాచలంలో ప్రదర్శించవచ్చు, కాని అదే అనుమతిపత్రం ఖమ్మంలో చెల్లదు. నిజాం రాజ్యంలో చివరి మాట నిజాందే.

రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే జరిగేది. జనాభాలో అధికులైన తెలుగువారి భాషకు నగర వేదికలపై గౌరవం తక్కువ. 1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాల ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది. బహిరంగ సభలకు ముందుగా అనుమతి పొందాలనే "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు కూడా అప్పట్లో అమలులో ఉండేది. సభలకు ఇన్ని ఆంక్షలున్నచోట జనం గుమిగూడే సినిమాహాలు పూర్తిగా స్వేచ్ఛగా ఉంటుందని ఆశించడం కష్టమే.

లోటస్ ఫిలిం కంపెనీ

ఈ సంస్థను స్థాపించినవాడు ధీరేంద్రనాథ్ గంగూలీ (1893–1978). సినీలోకంలో ఇతడు "డి.జి."గా సుప్రసిద్ధుడు. కలకత్తాలో జన్మించి, శాంతినికేతనంలో చదువుకొని, హైదరాబాదులోని చిత్రకళా పాఠశాలకు ప్రధానోపాధ్యాయునిగా వచ్చాడు. వేషధారణపై ఇతనికి విపరీతమైన ఆసక్తి. రకరకాల వేషాలలో తన ఫోటోలనే తీయించుకొని 1915లో బెంగాలీలో ఒక పుస్తకంగా ప్రచురించాడు. కలకత్తా పోలీసులు మారువేషాల శిక్షణకు ఇతని సహాయం తీసుకున్నారని చెబుతారు.

ఆ ఫోటోల పుస్తకమే ఇతడిని సినిమావైపు నడిపించింది. కలకత్తాలో మిత్రులతో కలిసి ఇండో బ్రిటిష్ ఫిలిం కంపెనీని నెలకొల్పాడు. ఆ సంస్థ తీసిన "బిలేత్ ఫెరత్" (1921) అనే హాస్యచిత్రం విదేశాలకు వెళ్ళివచ్చి, అక్కడి అలవాట్లతో ఇల్లు చేరిన యువకుని కథ. ఈ చిత్రం గంగూలీకి మంచి పేరు తెచ్చింది. అటుపిమ్మట ఆ సంస్థను వదలి, తనకు పరిచయమున్న హైదరాబాదుకు తిరిగివచ్చి నిజాం ప్రోత్సాహంతో లోటస్ ఫిలిం కంపెనీని ప్రారంభించాడు.

ఈ కంపెనీకి సొంత స్టూడియో, ఫిలిం కడిగే ప్రయోగశాల ఉండేవి. వాటికితోడు గంగూలీ నగరంలో రెండు సినిమాహాళ్ళను కూడా నడిపాడు. తీయడం, కడగడం, చూపించడం మూడూ ఒకరి చేతిలోనే ఉండడం చిన్న సంస్థకు ఎంతో లాభం. తాను తీసిన చిత్రానికి హాలు వెదకనక్కరలేదు. తన చిత్రం లేని వారాలలో బొంబాయి, కలకత్తా చిత్రాలను తెప్పించి ఆడించవచ్చు. అయితే కంపెనీ ప్రాణం తీసినది కూడా ఈ రెండవ సౌకర్యమే.

"ఇంద్రజిత్", "హరగౌరి", "యయాతి" వంటి పౌరాణికాలు, "లేడీ టీచర్", "మ్యారేజ్ టానిక్" వంటి హాస్యచిత్రాలు, "సాధు ఔర్ సైతాన్" మొదలైనవి ఈ సంస్థ నిర్మించిన చిత్రాలు. ఇవన్నీ మూకీలే. మూకీలకు భాష అడ్డురాదు. కథను తెలిపే అక్షరాల ముక్కలను ఏ భాషలో కావాలంటే ఆ భాషలో వ్రాసి అతికించుకోవచ్చు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలున్న రాజ్యానికి ఇది అనుకూలమైన వినోదం.

రజియా బేగం వివాదం

1924లో గంగూలీ తన హాలులో "రజియా బేగం" అనే చిత్రాన్ని ప్రదర్శించాడు. ఇది లోటస్ వారి చిత్రమని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు, కాని అది పొరపాటు. ఈ చిత్రం బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ సంస్థ తీసినది. ఢిల్లీని 1236 నుండి 1240 వరకు పాలించిన రజియా సుల్తానా ఇందులో కథానాయిక. ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించినట్లు చిత్రంలో చూపించారు. అత్యధిక సంఖ్యలో హిందువులున్న రాజ్యాన్ని ఏలుతున్న ముస్లిం ప్రభువుకు ఈ కథ రుచించలేదు. గంగూలీ, అతని సిబ్బంది 24 గంటలలో రాజ్యం విడిచి వెళ్ళాలని ఆజ్ఞ వెలువడింది.

దానితో లోటస్ కథ ముగిసింది. బ్రిటిషు ఇండియాలో ఒక చిత్రాన్ని నిషేధిస్తే ఆ ఒక్క చిత్రమే ఆగిపోయేది. ఇక్కడ మాత్రం వేరొకరు తీసిన చిత్రాన్ని ప్రదర్శించినందుకు ఒక నిర్మాణ సంస్థ, ప్రయోగశాల, హాళ్ళు అన్నీ ఒక్క రోజులో పోయాయి. పోషించిన చేయే తరిమివేసినప్పుడు మొర పెట్టుకోవడానికి వేరే చోటు లేదు.

గంగూలీ కలకత్తా చేరి 1929లో బ్రిటిష్ డొమీనియన్ ఫిలింస్ సంస్థను స్థాపించాడు. దేవకీ బోస్, పి.సి.బారువా వంటి ప్రముఖులు ఆ సంస్థతో సంబంధం ఉన్నవారే. 1974లో పద్మభూషణ్, 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇతనికి లభించాయి.

టాకీల కాలం

రజియా బేగం తీయించిన ఇరానీయే 1931లో తొలి భారతీయ టాకీ "ఆలం ఆరా"ను నిర్మించాడు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" కూడా ఆయన నిర్మాణంలోనే హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో తయారై, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయింది. సురభి నాటక సమాజం వారు అందులో నటించారు. అప్పటినుండి తెలుగు చిత్రాలు బొంబాయి, కలకత్తా, మద్రాసులలో తయారయ్యేవి. ఆంధ్ర ప్రాంతంలో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య 1936లో దుర్గా సినీటోన్‌ను నెలకొల్పాడు. హైదరాబాదులో మాత్రం అటువంటి ప్రయత్నం నిలదొక్కుకోలేదు. నిజాం కళాశాలలో చదివిన పైడి జైరాజ్ నటించాలనే కోరికతో 1929 ప్రాంతంలో బొంబాయికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ మూకీలతో మొదలుపెట్టి హిందీ చిత్రాలలో నాయకుడై, 1980 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం పొందాడు.

నగరంలో పరదా పాటించే స్త్రీల కోసం హాళ్ళలో "జనానా" విభాగాలు ఉండేవి. ఆనాటి ఫిలిం నైట్రేటుతో తయారయ్యేది కనుక నిప్పు తగిలితే క్షణాలలో భగ్గుమనేది, నీళ్ళతో ఆరేది కాదు. 1936లో మోతీ మహల్ సినిమాహాలులో జరిగిన అగ్నిప్రమాదంలో పలువురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. మరుగు కోసం కట్టిన గోడలు, తెరలు ప్రమాద సమయంలో బయటపడే దారికి అడ్డు అవుతాయన్నది ఆనాటి హాళ్ళ విషయంలో మరువరానిది.

ఇతర వినోదాలు

1935లో నిజాం ప్రభుత్వం రేడియో కేంద్రాన్ని స్వాధీనం చేసుకొన్నది. ఇది డెక్కన్ రేడియోగా పేరుపొందింది. 1937లో నిజాం రజతోత్సవాలు జరిగాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీ హాలుకు ఆ ఉత్సవాలతో సంబంధం ఉన్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు అదే తోటలో "నుమాయిష్" ప్రదర్శనను ప్రారంభించారు. ఇది 1946లో ప్రస్తుతమున్న నాంపల్లి మైదానానికి మారింది.

హైదరాబాదులో చిత్రనిర్మాణం మరల ఊపందుకున్నది 1956లో అమీర్‌పేటలో సారథి స్టూడియో ఏర్పడిన తరువాతనే. పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రంగా "మా ఇంటి మహాలక్ష్మి" (1959)ని పేర్కొంటారు.