గుండె వైఫల్యం: బచేలిలో ఇంటివద్ద నర్సింగ్

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బచేలి, బైలడీల ఇనుప ఖనిజపు గనుల ఊరు. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం ఊరిని విశాఖ వైపు కలుపుతుంది. అందుకే ఇక్కడ గోండి, హల్బీ, హిందీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది.

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి చాలినంత రక్తాన్ని తోడలేకపోవడం. నీరు చేరి పాదాలు వాస్తాయి, పడుకుంటే ఆయాసం. ఇంటికొచ్చిన నర్సు పరగడుపు బరువు అడుగుతుంది, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందా చూస్తుంది, తల కింద దిండ్లు లెక్కపెడుతుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు చెప్పాలి.

అసలు పని వంటింట్లోనే. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తెలుగింట్లో "తగ్గించేశామమ్మా" అన్నాక కూడా ఆవకాయ, అప్పడం, ఎండుచేప కంచంలోనే ఉంటాయి. "మామ్మగారూ, ఊరగాయ జాడీ ఏదండీ?" అంటే సగం పని అయినట్టే. గోండు ఇంట్లో లెక్క వేరు. ఆకలికీ దాహానికీ తాగే పేజ అనే గంజి కూడా నీళ్ల కిందికే వస్తుంది. డాక్టరు నీటికి హద్దు పెడితే, గ్లాసుతో కాక వాళ్ల సొరబుర్రతోనే కొలిచి చూపాలి. ఇప్పసారా, సల్ఫీ కల్లు సంగతి ఈసడింపు లేకుండా అడగాలి. దేవత పూనే సిర్హాతో పూజ చేయించారని గద్దిస్తే మళ్లీ నిజం చెప్పరు. వేరుమందేదైనా మింగించాడా అన్నదే ముఖ్యం.

భాష రాకపోతే ఇంటి పిల్లల్ని దుబాసీలుగా నిలబెట్టడం తప్పు. ఆ పనికి ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన మితానిన్ మేలు. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో నెచ్చెలి.