షడ్రుచుల లెక్క

మా లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. రద్దీ సర్దుమణిగే వేళకు, పదో తరగతి చదివే మనవరాలు లెక్కల పుస్తకంతో నా దగ్గర చేరుతుంది. మొన్న మొహం ముడుచుకుని వచ్చింది. సంభావ్యత లెక్కకు జవాబు సరిగ్గానే వచ్చినా, సోపానాలు రాయలేదని మార్కులు తగ్గించారట. "జవాబు ఒప్పేగా తాతయ్యా?" అంది.

నాకు పాత పాపం ఒకటి గుర్తుకొచ్చింది. 1980 పెన్షన్ నిబంధనల లెక్క సభ్యమిత్రులకు తెలియనిది కాదు. జీతంలో సగాన్ని సర్వీసులోని అర్ధ సంవత్సరాలతో హెచ్చవేసి 66తో భాగించాలి. చివర్లో మూడు నెలలు మిగిలినా ఒక అర్ధ సంవత్సరంగానే చూడాలి. నేను గుమస్తాగా ఉన్నప్పుడు ఒక అటెండరు గారి సర్వీసు 28 ఏళ్ల 9 నెలలు. 28 ఏళ్లకు 56, ఆరు నెలలకు ఒకటి, మిగిలిన మూడు నెలలకు మరొకటి, వెరసి 58. నేను 57 వేశాను. జీతం 1320, సగం 660. రావలసింది 580, నేను తేల్చింది 570. ఫైల్లో జవాబు ఒక్కటే రాయడంతో తప్పు ఎవరి కంటా పడలేదు. ఏడు నెలలు ఆయన నెలకు పది రూపాయలు తక్కువ తీసుకున్నారు. ఆయనే వేళ్ల మీద లెక్కపెట్టుకుని వచ్చి అడిగితే గాని బయటపడలేదు. బకాయి ఇప్పించాను గాని, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సోపానాలు రాయించడం ఇంగ్లీషు బడులతో వచ్చిందనుకునేవారున్నారు. నేనొప్పుకోను. క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. ముందు సూత్రం, వెంటనే అభ్యాసానికి ఉదాహరణ, ఇదీ అందులో పద్ధతి. భిన్నాలకు పెద్ద అధ్యాయమే ఉంది. పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయగారి భారతం పుట్టిన శతాబ్దిలోనే మన భాషకు లెక్కల పుస్తకం కూడా దక్కిందన్నమాట! ఈ సంగతి మన బడిపిల్లలకు ఎందుకు చెప్పరో తెలియదు. మహావీరుని సంస్కృత మూలాన్ని 1912లో ఎం. రంగాచార్య గారి ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చువేశారు.

అందులో ఆరు రుచుల లెక్క ఒకటి ఉంది. వాటిని ఎన్ని విధాల కలపవచ్చునని ప్రశ్న. మనవరాలికి ఉగాది పచ్చడి పెట్టి చెప్పాను. ఆచార్యుని సూత్రం ప్రకారం పైన ఆరు నుంచి దిగుతూ, కింద ఒకటి నుంచి ఎక్కుతూ రాయాలి. రెండేసి రుచులకైతే పైన 6×5, అంటే 30. కింద 1×2, అంటే 2. భాగిస్తే 15. మూడేసికి 120ని 6తో భాగిస్తే 20. ఇలాగే ఒక్కటి నుంచి ఆరు దాకా వరుసగా 6, 15, 20, 15, 6, 1. మొత్తం 63. సుశ్రుత సంహితలోనూ రసభేదాలు 63 అనే ఉంది.

సంభావ్యతా శాస్త్రానికి నాంది 1654లో పాస్కల్, ఫెర్మాల ఉత్తరాలంటారు. కాని దానికి కావలసిన ఎంపికల లెక్క అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే ఇక్కడ ఉంది. ఆ 15 జంటలనూ చీటీలు రాసి ఒకటి తీస్తే అందులో తీపి ఉండే అవకాశమెంత? తీపికి తోడు మిగతా ఐదింటిలో ఏదైనా కావచ్చు గనుక అనుకూలమైనవి 5. పదిహేనింట ఐదు, అంటే 1/3.

మా దగ్గరలోని సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరిట సంస్థ ఉంది. ఒక ఆదివారం అటు తీసుకువెళ్లి చూపిస్తానన్నాను.

పిల్ల అన్ని మెట్లూ రాసి, కాసేపు ఆలోచించి, "మరి వేపపువ్వు వెయ్యకపోతే?" అంది.

కాగితం తన వైపే జరిపాను. ఐదు రుచులతో మళ్లీ మొదలుపెట్టి 31 తేల్చింది. ఈసారి ఒక్క మెట్టూ వదల్లేదు.