మీ ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశారు? సభలో ఏం అడిగారు? ఫోన్‌లోనే ఇలా చూసుకోండి.. కానీ ఆ లెక్కలు చదివే ముందు ఇవి తెలుసుకోండి

ఎన్నికల ముందు ప్రతి ఎంపీ ‘ఢిల్లీలో మీ గొంతు వినిపిస్తా’ అంటారు. గెలిచాక ఆ గొంతు ఎన్నిసార్లు వినిపించింది? ఏ బిల్లు వచ్చినప్పుడు ఎటు నిలబడ్డారు? ఇది తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. చేతిలో ఫోన్ ఉంటే చాలు. పార్లమెంట్ అధికారిక వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, ప్రసంగాలు, బిల్లులు అన్నీ ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టే పని లేదు.

అయితే ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ‘మా ఎంపీ హాజరు 90 శాతం’, ‘మా ఎంపీ 300 ప్రశ్నలు వేశారు’ అంటూ సోషల్ మీడియాలో గ్రాఫిక్స్ తిరుగుతుంటాయి. ఆ అంకె వెనక ఏముందో తెలియకపోతే పని చేసిన ఎంపీ ఎవరో, సంతకం పెట్టి వెళ్లిపోయిన ఎంపీ ఎవరో తేడా తెలియదు. ముందుగా అందరూ అడిగే ప్రశ్న.. ఓటు.

చాలా బిల్లులకు పేర్ల వారీ ఓటు ఉండదు

పార్లమెంట్‌లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే పాస్ అవుతాయి. అంటే స్పీకర్ ‘అనుకూలంగా ఉన్నవాళ్లు అవును అనండి, వ్యతిరేకించేవాళ్లు కాదు అనండి’ అని అడుగుతారు. ఏ వైపు గొంతు ఎక్కువ వినిపిస్తే ఆ వైపు గెలిచినట్టు ప్రకటిస్తారు. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అనేది ఎక్కడా నమోదు కాదు.

దీనికి తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణే ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో పాస్ అయింది. సభలో గందరగోళం, ప్రత్యక్ష ప్రసారం కూడా ఆ సమయంలో ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా ఓకే చెప్పింది. రెండు చోట్లా బిల్లు పాస్ అయింది మూజువాణి ఓటుతోనే. కోట్ల మంది తెలుగువాళ్ల భవిష్యత్తును మార్చిన ఆ బిల్లుకు ఏ ఎంపీ ఎటు ఓటేశారో చూద్దామంటే పేర్ల జాబితానే లేదు. ఆ రోజు ఎవరు ఏ పక్షాన ఉన్నారో తెలియాలంటే ప్రసంగాలు, పార్టీల ప్రకటనలే ఆధారం.

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల విషయంలోనూ ఇదే జరిగింది. ఓటింగ్ పెట్టాలని ప్రతిపక్షం పట్టుబట్టినా గందరగోళం మధ్య మూజువాణితోనే పాస్ చేశారు. ఆ మరుసటి రోజు 8 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు.

మరి పేర్లు ఎప్పుడు నమోదవుతాయి?

‘డివిజన్’ జరిగినప్పుడు. మూజువాణి ఫలితాన్ని ఒప్పుకోకుండా సభ్యులు ఓటింగ్ కోరితే స్పీకర్ డివిజన్‌కు ఆదేశిస్తారు. సభ్యులు తమ సీటు దగ్గరున్న బటన్ నొక్కుతారు. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం.. మూడు ఆప్షన్లు ఉంటాయి. బటన్ పనిచేయకపోయినా, తప్పు నొక్కినా కాగితం స్లిప్ ఇవ్వొచ్చు.

అందుకే మొదట స్క్రీన్ మీద కనిపించిన అంకె చివరిది కాదు. జమిలి ఎన్నికల బిల్లును 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు మొదట అనుకూలంగా 220, వ్యతిరేకంగా 149 కనిపించాయి. స్లిప్పులు కలిపాక అవే 269, 198 అయ్యాయి.

రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం డివిజన్ తప్పదు. 368వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్దతు కావాలి కాబట్టి లెక్కపెట్టాల్సిందే. మహిళా రిజర్వేషన్ బిల్లునే చూడండి. 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు వచ్చాయి. ఆ రెండు ఓట్లు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్‌వి. ఓబీసీ, ముస్లిం మహిళలకు ప్రత్యేక కోటా లేదన్నది వారి అభ్యంతరం. ఆ నిర్ణయాన్ని మెచ్చుకునేవాళ్లు ఉంటారు, తప్పుపట్టేవాళ్లూ ఉంటారు. కానీ రికార్డు ఉంది కాబట్టే ఈ రోజు దాని గురించి పేరు పెట్టి మాట్లాడుకోగలుగుతున్నాం.

సాధారణ బిల్లులకూ అప్పుడప్పుడు డివిజన్ జరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు లోక్‌సభలో 288 మంది అనుకూలంగా, 232 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఆంధ్రప్రదేశ్ నుంచి టీడీపీ అనుకూలం, వైసీపీ వ్యతిరేకం.

ఓటు ఎంపీదా? పార్టీదా?

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పార్టీ విప్ జారీ చేసిందంటే ఎంపీ సొంతంగా నిర్ణయించుకునే వీలు దాదాపు ఉండదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్.. అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. దీని ప్రకారం విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. ముందే అనుమతి తీసుకున్నా, 15 రోజుల్లోపు పార్టీ క్షమించినా మాత్రమే మినహాయింపు.

అంటే మన దగ్గర ఓటు రికార్డు ఎక్కువగా పార్టీ వైఖరిని చెబుతుంది. ఎంపీ సొంతంగా ఏం చేస్తున్నారో చెప్పేది ఓటు కాదు.. వాళ్లు వేసే ప్రశ్న. విప్ ఓటుకే కానీ ప్రశ్నకు కాదు.

ప్రశ్నల్లో ఏం చూడాలి?

లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు, రాజ్యసభలో మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు ప్రశ్నోత్తరాల సమయం. ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు.

నక్షత్రం గుర్తున్న ప్రశ్న: మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. అనుబంధ ప్రశ్నలు వేసి మంత్రిని నిలదీయొచ్చు. లోక్‌సభలో రోజుకు 20 మాత్రమే ఉంటాయి.

నక్షత్రం లేని ప్రశ్న: రాతపూర్వక జవాబు వస్తుంది. అనుబంధ ప్రశ్నలు ఉండవు. లోక్‌సభలో రోజుకు 230 దాకా ఉంటాయి.

నోటీసులు వందల్లో వస్తాయి కాబట్టి లాటరీ తీస్తారు. ఎంపీ ఎంత ప్రయత్నించినా నక్షత్రం ప్రశ్న రాకపోవచ్చు. అందుకే సంఖ్యను పట్టుకుని తీర్పు ఇచ్చేయకండి. ప్రశ్న తెరిచి చదవండి. మీ నియోజకవర్గం గురించి ఉందా? ఆంధ్రప్రదేశ్ ఎంపీ అయితే పోలవరం నిధులు, విశాఖ రైల్వే జోన్, కడప స్టీల్ ప్లాంట్ గురించి అడిగారా? తెలంగాణ ఎంపీ అయితే బయ్యారం స్టీల్ ప్లాంట్, విభజన చట్టంలోని మిగతా హామీల గురించి అడిగారా? లేక దేశంలో ఏ ఎంపీ అయినా వేయగలిగే ప్రశ్నేనా?

తర్వాత జవాబు కూడా చూడండి. మంత్రి ‘పరిశీలిస్తున్నాం’, ‘సమాచారం సేకరిస్తున్నాం’ అంటే అది అక్కడితో అయిపోయే మాట కాదు. అలాంటి మాటల్ని సభకు ఇచ్చిన హామీగా నమోదు చేస్తారు. 3 నెలల్లో నెరవేర్చాలి. దాన్ని చూసుకోవడానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి. ఆ జవాబు వచ్చాక మీ ఎంపీ మళ్లీ అదే విషయం అడిగారా, అక్కడితో వదిలేశారా? అసలు పనితనం అక్కడే తెలుస్తుంది.

చర్చలు, జీరో అవర్, ప్రైవేట్ బిల్లులు

ముందుగా నోటీసు ఇచ్చి అత్యవసర విషయాలు లేవనెత్తేది జీరో అవర్. లోక్‌సభలో 377 నిబంధన కింద, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన పేరుతో స్థానిక సమస్యలు ప్రస్తావించొచ్చు. లెక్కల్లో ఇవన్నీ ‘చర్చలు’ కిందికే వస్తాయి. 2 నిమిషాల ప్రస్తావన అయినా, బడ్జెట్ మీద 20 నిమిషాల ప్రసంగం అయినా ఒకటిగానే లెక్క. పైగా బిల్లుల చర్చల్లో సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. చిన్న పార్టీ ఎంపీకి దక్కేది కొద్ది నిమిషాలే.

మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేది ప్రైవేట్ మెంబర్ బిల్లు. ఇప్పటిదాకా ఉభయ సభలూ పాస్ చేసినవి 14 మాత్రమే. చివరిది 1970లో. చట్టం కాలేదని తీసిపారేయొద్దు. ఆ ఎంపీకి ఏ అంశం మీద పట్టుదల ఉందో ఇవి చెబుతాయి.

హాజరు శాతం.. జాగ్రత్తగా చదవాలి

హాజరు అంటే ఆ రోజు రిజిస్టర్‌లో నమోదు చేయడం. రోజంతా సభలో కూర్చున్నారని కాదు. ఇంకో విషయం.. మంత్రులు, స్పీకర్, ప్రతిపక్ష నేత ఈ రిజిస్టర్‌లో సంతకం పెట్టక్కర్లేదు. కాబట్టి కేంద్ర మంత్రిగా ఉన్న మీ ఎంపీకి హాజరు వివరాలు కనిపించకపోతే సభకు రాలేదని అనుకోకండి. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. అక్కడ ‘సున్నా’ కనిపించడం తప్పు కాదు.

సస్పెన్షన్లు కూడా గుర్తుంచుకోవాలి. 2023 శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది ఎంపీలు సస్పెండ్ అయ్యారు. ఆ రోజుల్లో వాళ్లు సభకు వెళ్లే అవకాశమే లేదు.

కెమెరాకు కనిపించని పని

శాఖల వారీగా 24 స్టాండింగ్ కమిటీలు ఉన్నాయి. ఒక్కో దాంట్లో 31 మంది.. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి కాబట్టి వీడియో క్లిప్ దొరకదు. కానీ నివేదిక చివర్లో సమావేశ వివరాలు ఉంటాయి. ఏ రోజు ఎవరు వచ్చారో అందులో కనిపిస్తుంది. ఎవరైనా విభేదిస్తే ఆ అసమ్మతి నోట్ కూడా ఉంటుంది.

ఫోన్‌లో ఇలా చూడండి

1. సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైట్ ఓపెన్ చేయండి. లోక్‌సభ లేదా రాజ్యసభ ఎంచుకోండి.

2. సభ్యుల జాబితాలో మీ ఎంపీ పేరు వెతకండి. ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది లోక్‌సభ సభ్యులు ఉంటారు. రాజ్యసభకు 11, 7.

3. ప్రశ్నల విభాగంలో ఎంపీ పేరుతో గానీ, శాఖ పేరుతో గానీ వెతకొచ్చు. జవాబులు ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. కష్టమైతే ఫోన్‌లోని ట్రాన్స్‌లేట్ యాప్ వాడండి.

4. ఓటింగ్ కోసం బిల్లు పాస్ అయిన తేదీ తెలుసుకుని ఆ రోజు చర్చల ప్రతి తెరవండి. డివిజన్ జరిగి ఉంటే పేర్ల జాబితా అందులోనే ఉంటుంది. రెండు జాబితాల్లోనూ పేరు లేకపోతే తటస్థంగా ఉన్నారా, అసలు రాలేదా అన్నది చూడాలి. వాకౌట్ చేసినవాళ్ల పేర్లు ఓటేసినవారి జాబితాలో ఉండవు.

5. హాజరు, చర్చలు, ప్రశ్నలు ఒకేచోట కావాలంటే 2005 నుంచి పనిచేస్తున్న పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ‘ఎంపీ ట్రాక్’ పేజీ చూడండి. జాతీయ సగటు, రాష్ట్ర సగటు పక్కనే ఉంటాయి. ఉప ఎన్నికలో గెలిచిన ఎంపీని ఐదేళ్లున్న ఎంపీతో పోల్చకండి.

6. ప్రసంగం వీడియో కోసం సంసద్ టీవీ యూట్యూబ్ ఛానల్‌లో తేదీతో వెతకండి. 10 సెకన్ల క్లిప్ చూసి నమ్మే బదులు మొత్తం వినండి.

ఎంపీ లాడ్స్ వేరు.. ఇది వేరు

చాలామంది రోడ్డు వేయించారా, కమ్యూనిటీ హాల్ కట్టించారా అన్నదే చూస్తారు. ఏటా 5 కోట్ల రూపాయల ఎంపీ లాడ్స్ పనుల లెక్క అది. అవసరమే, కానీ సభలో పనికి అది కొలత కాదు. ఇక ఎమ్మెల్యేల సంగతి అయితే ఎంపీ ట్రాక్‌లో దొరకదు. అసెంబ్లీ వెబ్‌సైట్ చూడాలి. అక్కడా లేకపోతే శాసనసభ సచివాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. ఈసారి మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు ‘హాజరు ఎంత?’ అని అడగడం కన్నా ‘ఫలానా తేదీన మీరు వేసిన ప్రశ్నకు మంత్రి పరిశీలిస్తామన్నారు కదా, ఏమైంది?’ అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మీ ఎంపీ నిజంగా ఆ పని వెంట పడి ఉండాలి.