గంప కింద దాగిన చరిత్ర

మన గ్రామసీమలకు గడియారం రాకపూర్వం తొలికోడి, మలికోడి కూతలే వేకువజామును తెలియజేసేవి. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని భావించిన ముసలమ్మ సామెత తెలుగువారందరికీ సుపరిచితం. సామెత ఆ అవ్వ అమాయకత్వాన్ని పరిహసించింది. అయితే చరిత్ర విద్యార్థికి అందులో మరొక సత్యం గోచరిస్తుంది. ఆ అవ్వకు గల ఆస్తి ఆ రెండే. కూత కోసం, నిప్పు కోసం ఇరుగుపొరుగు ఆమె గడపనే ఆశ్రయించారు. అఖండదీపానికి ఇన్ని ఆవులు, ఇన్ని గొర్రెలు అని లెక్కగట్టిన ఆలయ శాసనాలు ఆంధ్రదేశంలో అనేకం కలవు. పెరటి కోడికి అటువంటి గౌరవం దక్కలేదు. దాని చరిత్రను శిల్పంలో ఒక తునక, శాసనంలో ఒక పంక్తి, ఇల్లాలి అనుభవంలో మిగిలినదంతా కలుపుకొని చదువుకోవలసి ఉన్నది.

అడవి నుండి పెరటికి

కోడిని మొట్టమొదట మచ్చిక చేసినది సింధు లోయ ప్రజలేనన్న అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. ఇటీవలి పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని సవరించాయి. 863 పక్షుల జన్యుక్రమాలను పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనం, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాలలోని ఎర్ర అడవికోడి ఉపజాతిని మన పెంపుడు కోడికి మూలంగా గుర్తించింది. నిస్సందేహంగా పెంపుడు కోళ్లవని చెప్పదగిన ఎముకలలో అతి ప్రాచీనమైనవి మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే స్థలానికి చెందినవని, వాటి కాలం క్రీ.పూ. 1650-1250 మధ్యదని 2022లో మరొక పరిశోధక బృందం నిర్ణయించింది. వరి, చిరుధాన్యాల సాగు అడవి అంచుకు చేరగా, రాలిన గింజల కోసం పక్షి తానుగా మనిషి ముంగిటికి వచ్చిందని వారి భావన. కోడి చరిత్ర ఆ విధంగా ధాన్యపు చరిత్రతో పెనవేసుకొన్నది.

ఈ కథలో దక్కనుకు కూడా భాగమున్నది. కోళ్ల పసుపుపచ్చని కాళ్లకు, చర్మానికి కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, ద్వీపకల్ప భారతంలో నివసించే బూడిదరంగు అడవికోడి నుండి సంక్రమించిందనీ 2008లో నిరూపితమైంది. ప్రపంచంలో ఏ మూలనైనా పసుపుకాళ్ల కోడి కనిపిస్తే, దానిలో మన అడవుల వారసత్వం ఒక పాలు కలదన్నమాట.

శిల్పంలో, శాసనంలో

క్రీ.పూ. రెండవ శతాబ్దికి చెందిన భార్హుత్ స్తూప శిల్పాలలో కుక్కుట జాతకం చెక్కబడి ఉన్నది. చెట్టు మీది కోడిని క్రింద నుండి పిల్లి తీయని మాటలతో పిలుస్తుంది. నీకు భార్యనౌతానని నమ్మబలుకుతుంది. కోడి దిగిరాదు. మోసపు మాటలకు లొంగరాదన్నది జాతకం బోధించే నీతి. ఆ నీతికి ఆధారమైన అనుభవం మాత్రం పెరటిది. పిల్లికీ కోడికీ గల వైరం శ్రోతలకు విడమరచి చెప్పనక్కరలేనంత పరిచితమైనందుననే కథ సులభంగా మనసుకెక్కింది.

అంతకు పూర్వమే అశోక చక్రవర్తి తన అయిదవ స్తంభశాసనంలో కోడిని ప్రస్తావించాడు. పట్టాభిషిక్తుడైన ఇరువదియారు సంవత్సరాలకు వెలువరించిన ఆ శాసనంలో, చంపరాని ప్రాణుల జాబితాతోపాటు, కోడిపుంజుల వృషణాలు తొలగించరాదన్న ఆజ్ఞ కలదు. మాంసం కోసం పుంజులను కొవ్వెక్కించే ఆచారం ఆనాటికే ఉండేదని దీనివలన తెలుస్తున్నది. ధర్మశాస్త్రాలు గ్రామకుక్కుటాన్ని ద్విజులకు నిషిద్ధాహారంగా పేర్కొన్నాయి. నిషేధం కూడా చరిత్రకారునికి సాక్ష్యమే. గ్రామంలో కోడి లేకపోతే దానిని నిషేధించవలసిన అవసరమే ఉండదు కదా!

పుంజు చరిత్ర, పెట్ట చరిత్ర

సాహిత్యం పుంజును ఆదరించినంతగా పెట్టను ఆదరించలేదు. దండి దశకుమారచరితంలో కోడిపందెం ఒక ఘట్టం. పలనాటి వీరగాథలో కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేండ్లు రాజ్యం విడిచిపోవలసివచ్చింది. పందెగాళ్లు పుంజుల రంగులను, జాతులను, జయాపజయాలను విచారించి కుక్కుటశాస్త్రమనే ఒక శాస్త్రాన్నే కల్పించుకొన్నారు. పెట్టను పొదగవేసే విధానానికి మాత్రం గ్రంథం లేదు. తల్లి చెప్పగా కూతురు, అత్త చూపగా కోడలు నేర్చుకొన్న విద్య అది.

ఆ విద్య సామాన్యమైనది కాదు. కురుకు పట్టిన పెట్ట క్రింద దానికి పట్టినన్ని గుడ్లే పెట్టాలి. అంతకు మించితే అంచున ఉన్న గుడ్లు చల్లబడి మురిగిపోతాయి. ఇరువదియొక్క దినాలు పెట్ట గుడ్ల మీద నుండి లేచేది మేతకూ నీటికీ మాత్రమే. పిల్లలు వెలువడిన తరువాత గద్ద, కాకి, పిల్లి, ముంగిస, పాము అన్నీ శత్రువులే. అందుకే తొలి వారాలలో పిల్లలను తల్లితో సహా గంప క్రింద మూసి, గంప మీద రాయి పెడతారు. నూకలు జల్లుతారు. కొన్ని చోట్ల చెదలు తెచ్చి వేస్తారు. పేలు పట్టకుండా బూడిదలో పొర్లనిస్తారు. పొద్దు గూకగానే గూటికి చేరిన తలలను లెక్కించి తలుపు వేస్తారు. ఈ పనులలో ఏ ఒక్కటి ఒక్క రాత్రి మరచినా నష్టం ఇంటిదే.

గుడ్లు, పిల్లలు అమ్మగా వచ్చిన సొమ్ము సాధారణంగా ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. ఉప్పు, పలక, మందు, పండుగకు రవికెగుడ్డ కొనడానికి ఎవరినీ అడగనక్కరలేని ధనం అది. పోచమ్మకు, పోలేరమ్మకు మొక్కు చెల్లించేదీ అందులో నుండే.

కొక్కెర తెగులు

గంప ఆపలేని శత్రువు ఒకటి ఇరువదవ శతాబ్దిలో ప్రవేశించింది. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను గుర్తింపబడిన ఒక వ్యాధి, 1927లో కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో కనిపించి, మన దేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. తెలుగు పల్లెలలో దానిని కొక్కెర తెగులు అంటారు. మెడ వంకర తిరిగి, పచ్చని రెట్ట వేసి, రెండు మూడు రోజులలో మంద మొత్తం నేలకూలుతుంది. ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన సంస్థ 1940వ దశకంలోనే దీనికి టీకా సిద్ధం చేసింది.

అయినా తెగులు పెరటిని విడువలేదు. కారణం శాస్త్రలోపం కాదు. టీకా మందు వందల మోతాదుల సీసాలలో వస్తుంది. చల్లదనం తప్పితే చెడిపోతుంది. ఒకసారి కలిపితే కొన్ని గంటలలోనే వాడాలి. పది కోళ్లున్న ఇల్లాలికి ఆ సీసా ఎందుకు పనికివస్తుంది? బంగ్లాదేశ్ ఈ చిక్కును గుర్తించింది. బ్రాక్ సంస్థ 1980వ దశకంలో ప్రభుత్వ పశుసంవర్ధక శాఖతో కలసి గ్రామ మహిళలకే టీకా వేయడంలో శిక్షణనిచ్చింది. ఒక సీసాను ఊరి ఇండ్లన్నింటికీ పంచగల మనిషి ఊరిలోనే తయారైంది. మనదేశంలో ఈ పద్ధతి ప్రతి పంచాయతీకి విస్తరించదగినది.

నిలుపుకోవలసినది

1988లో హైదరాబాదులో నెలకొల్పిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. నాటుపెట్ట ఏడాదికి అరవై గుడ్లకు అటూ ఇటూగా పెడితే, ఇవి నూటికి పైగా పెడతాయి. ఈ మేలు కాదనరానిది. అయితే వీటిలో పొదిగే స్వభావం తక్కువ. ప్రతిసారీ పిల్లలను కొని తేవాలి. నాటుపెట్ట తన సంతతిని తానే నిలుపుకొంటుంది. నాటు కోడి పోతే దానితోపాటు పొదగవేసే విద్య, ఇల్లాలి స్వాతంత్ర్యం కూడా సన్నగిల్లుతాయి. కనుక రెండింటికీ పెరటిలో చోటు ఉండాలి. 2018లో ఝాబువా కడక్‌నాథ్ కోడికి భౌగోళిక గుర్తింపు లభించడం నాటు జాతుల విలువను దేశం గ్రహిస్తున్నదనడానికి నిదర్శనం.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులలో 31.70 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే వాటి సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. వ్యాపార కేంద్రాలలోని పెరుగుదల 4.5 శాతం మాత్రమే. అంటే గంప క్రింది చరిత్ర ముగియలేదు. అశోకుని శాసనంలో ఒక పంక్తి పొందిన కోడికి నేటి గ్రామపాలనలో కావలసినది మరొక శాసనం కాదు. చల్లని పెట్టెలో సకాలంలో ఊరు చేరే ఒక సీసా, దానిని ఇంటింటికీ తీసుకొనిపోయే ఒక మహిళ. ఆ రెండూ సమకూరితే, సాయంత్రం గూటి ముందు తలలు లెక్కించే ఇల్లాలికి మరునాడు ఆ లెక్క తప్పదు.