వాకిట్లో ఆగే దుమ్ము

మా అమ్మమ్మ దుమ్మును గుమ్మం దాటనిచ్చేది కాదు. తెనాలి దగ్గర పల్లె మాది. తెల్లవారకముందే పుల్లల చీపురుతో వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో చిక్కగా కళ్ళాపి చల్లేది. పేడ ఆరి పైమట్టిని పట్టేసేది. ఎడ్లబండి పోయినా, గాలి వీచినా మట్టి లేచేది కాదు. లోపల మట్టినేలను అలికేది. సంక్రాంతికి ముందు బూజులు దులిపి గోడలకు సున్నం కొట్టేవారు. తెలంగాణ పల్లెల్లో సాన్పు జల్లడం కూడా ఇదే పని. ముగ్గు సంగతి అందరూ రాస్తారు గానీ, ముగ్గు కింద తడి చేసే మేలు గురించి ఎవరూ పట్టించుకోరు.

హైదరాబాదు ఇళ్ళలో అలుకు పోవడానికి కారణం బండ. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. ఆ దారిలోనే తాండూరు ఉంది, వాడికి అవతల షాబాదు. ఆ సున్నపురాయి పలకలు నగరంలో ఎన్నో ఇళ్ళకు నేలలయ్యాయి. బండ మీద అలకక్కర్లేదు, తడిగుడ్డ పెడితే చాలు. తర్వాత మొజాయిక్, పాలరాయి, ఇప్పుడు టైల్స్. నేల నున్నబడేకొద్దీ పుల్లల చీపురు బాల్కనీకి పోయి కొండచీపురు లోపలికొచ్చింది. ఏటా చలికాలం చివర్లో పాడేరు, అరకు కొండల్లో గిరిజనులు దీన్ని కోసి కట్టలు కడతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాటిని కొంటుంది. కొత్త చీపురును నేలకేసి బాగా దులిపితేగాని వాడలేం, దాని పువ్వు పొట్టే సగం ఇల్లు నింపుతుంది.

మేం హైదరాబాదు శివారులోని ప్రగతి నగర్‌కు వచ్చింది చెట్లనీ చెరువునీ చూసి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ ఉద్యోగాలతోపాటు ఇళ్ళూ ఇటు పాకాయి. నిజాంపేట, బాచుపల్లి వైపు ఎటు చూసినా పునాదులే. అన్నిటికంటే బోరుబండిని చూస్తే నాకు గుండె గుభేలంటుంది. కింద ఉన్నదంతా గట్టి రాయి. కంప్రెసర్ గాలికి తెల్లటి రాతిపొడి ఎగజిమ్మి తులసికోట మీద, ఆరేసిన బట్టల మీద, పాల గిన్నె మీద పడుతుంది. కిటికీలు బిగిస్తాం. పనమ్మాయి పూటకోసారి తుడుస్తుంది, ఆమెకే దగ్గు. దుమ్ము కనిపిస్తే మాటపడేది మాత్రం ఇంటి ఆడవాళ్ళే. ఇది నాకు బాధ.

నిర్మాణాల దగ్గర దుమ్ము అణచాలని కేంద్రం 2018 జనవరిలో నిబంధనలు తెచ్చింది. ఇసుక, మట్టి కప్పి ఉంచాలి, నీళ్ళు చల్లాలి, లారీల మీద పట్టా కట్టాలి. చదివినప్పుడు నాకు అమ్మమ్మ వాకిలే గుర్తొచ్చింది. దుమ్ము లేచేచోటే తడపమన్నారు. కూల్చిన ఇళ్ళ శిథిలాలను రోజుకు 500 టన్నులు మరపట్టి మళ్ళీ వాడుకునేలా చేసే ప్లాంటు 2020 నవంబరులో జీడిమెట్లలో మొదలైంది, మాకు దగ్గరే. అయినా ఖాళీ ప్లాట్లలో రాత్రికి రాత్రి పోసిపోయే గుట్టలు ఆగలేదు.

మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటుకు పచ్చవల కట్టారు, ఇసుక మాత్రం రోడ్డు పక్కన విప్పి ఉంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టించమని, ఇసుకకు పట్టా కప్పమని కాలనీవాళ్ళం సంతకాలు పెట్టి అడిగాం. పట్టా వచ్చింది. నీళ్ళ కోసం ఇంకా అడుగుతున్నాం.