చిన్న కుక్కకు చలి ఎక్కువేల?

చలికాలపు రాత్రులలో పెద్ద ఊరకుక్క వీథి మలుపున హాయిగా నిద్రించుచుండగా, ఇంటిలోని చిన్న కుక్క పొయ్యి దగ్గరి వెచ్చని బూడిదలో ముడుచుకొని వణకుచుండుట మనమెరిగినదే. రెండింటి దేహోష్ణము ఇంచుమించు ఒక్కటే: 38 నుండి 39 డిగ్రీల సెంటీగ్రేడు. మరి చిన్నదానికి చలి ఎక్కువేల? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము కూడుటకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది.

జంతువులో వేడి ఎక్కడినుండి పుట్టునన్నది మొదట తేలవలసి యుండెను. ఫ్రాన్సు దేశమున లవోయిజియే, లాప్లాసు అను శాస్త్రజ్ఞులు ఒక గినీపందిని చుట్టును మంచుగల పాత్రలో ఉంచి, దాని వేడికి ఎంత మంచు కరగినదో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువుతో ఆ వేడిని పోల్చి, శ్వాసక్రియ నెమ్మదిగా జరుగు దహనమేయని 1783లో ప్రకటించిరి. అనగా దేహము పొయ్యి వంటిది. ఆహారము దానికి కట్టెలు.

ఈ వేడి ముఖ్యముగా చర్మము ద్వారా బయటికి పోవును. ఇక్కడ గణితము తోడ్పడును. 1 సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఉపరితల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణము 1 ఘన సెంటీమీటరు. భుజము 2 సెంటీమీటర్లైనచో వైశాల్యము 24, ఘనపరిమాణము 8 అగును. చిన్నదానిలో ప్రతి ఘన సెంటీమీటరుకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలముండగా, పెద్దదానిలో 3 మాత్రమే. ఒకే ఆకారముగల చిన్న, పెద్ద చెంబులలో వేడినీరు పోసి ఉష్ణమాపకముతో చూచినచో, ఏది ముందు చల్లారునో విద్యార్థులు తామే తెలిసికొనగలరు.

1883లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున మాక్స్ రూబ్నర్ ఈ విషయమును కుక్కలపైననే పరీక్షించెను. 31 కిలోగ్రాముల కుక్క, కిలో బరువుకు రోజుకు సుమారు 36 కిలోకాలరీల వేడిని పుట్టించగా, 3 కిలోగ్రాముల కుక్క 88 కిలోకాలరీలు పుట్టించినది! చర్మపు చదరపు మీటరుకు లెక్కించినప్పుడు మాత్రము రెండును దగ్గరకు వచ్చినవి: పెద్దదానికి 1036, చిన్నదానికి 1212.

అయితే ఈ సూత్రము సంపూర్ణము కాదు. జంతువు పుట్టించు వేడి బరువుయొక్క 3/4 ఘాతమును అనుసరించునని 1932లో మాక్స్ క్లైబర్ చూపెను. దీని కారణమును గూర్చిన చర్చ నేటికిని ముగియలేదు. కాని చిన్న ప్రాణి కిలోకు ఎక్కువ వేడిని ఖర్చు చేయుననుట నిలిచినది.

మరి మంచుదేశపు చిన్న జంతువులు ఎట్లు బ్రదుకుచున్నవి? అలాస్కాలో పరిశోధించి షొలాండర్, అతని సహచరులు 1950లో దీనికి జవాబు చెప్పిరి. ధ్రువపు నక్క బరువులో చిన్న కుక్క వంటిదే. అయినను దట్టమైన బొచ్చువలన మైనస్ 30 డిగ్రీల చలిలోను అది అదనపు వేడిని పుట్టించవలసిన పనిలేదు. దానికంటె చాల చిన్నవైన లెమ్మింగులు అంత మందపు బొచ్చును మోయలేవు. అవి మంచుక్రింది గూళ్లలో తలదాచుకొనును.

పొట్టిబొచ్చుగల మన చిన్న కుక్కకు నక్క బొచ్చును లేదు, లెమ్మింగు గూడును లేదు. ఆ లోటును మనమే తీర్చవలెను. బండపరుపు దేహపు వేడిని లాగివేయును గనుక, నేలకు కొంచెము ఎత్తున గోనెపట్టా, పాత దుప్పటి పరచవలెను. గాలి కొట్టని మూల చూడవలెను. తడిసిన బొచ్చు వేడిని ఆపలేదు, వెంటనే తుడువవలెను. చలిలో తిరుగు కుక్కకు ఆహారమును కొంత పెంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము పెట్టరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు కుక్కకును మనకును ప్రాణాంతకము. పుట్టిన మొదటి వారములలో పిల్లలు తమ వేడిని తామై నిలుపుకొనలేవు. వాటిని తల్లి ప్రక్కనుండి వేరుచేయుట చలికి అప్పగించుటయే.