సారా మాన్పించిన వాళ్ళు, మానలేని వాళ్ళు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికెళ్ళే ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ గాలి మా కడపకీ, కర్నూలుకీ వచ్చింది. కూలి డబ్బులు సాయంత్రానికి సారా ప్యాకెట్లకి పోయే ఊళ్ళు మరి! (ఆ ప్యాకెట్లని 'వారుణి వాహిని' పేరుతో ఊరూరా చేర్చింది సర్కారే, అదీ ఎన్టీఆర్ హయాంలో.) 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించిన కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలాయనే. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యం మొత్తం ఆపారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు.

ఇదంతా సరఫరా గొడవ. మరి తాగేవాడి ఒంటి సంగతో?

ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే, నడుస్తున్న సర్వర్ ప్లగ్ పీకినట్టే. చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండుమూడు రోజుల్లో మతి తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. నల్లమందు, హెరాయిన్ అలా కాదు. మానేటప్పుడు నరకం కనిపిస్తుంది గానీ సాధారణంగా చావరు. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పాత మోతాదే తీసుకున్నప్పుడు పోతారు. అందుకే వాటికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ నెలలూ ఏళ్ళూ ఇస్తారు. తాగుడికైతే డాక్టరు మొదటి కొద్దిరోజులు వణుకు తగ్గే మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తాడు, బి1 విటమిన్‌తో సహా.

కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తీసుకెళదాం అనండి... "వాడికేమన్నా పిచ్చా, పొగరు గానీ" అంటారు మావాళ్ళు.